సమ్మెటకు కామ, చెల్లెకు సంబంధం

మొన్న ఆదివారం పెళ్లిమాటలకని మియాపూర్ పోయి నేను చేసిన ఘనకార్యం వింటే చాయ్ మీద పోసుకుంటారు. ముందు గ్లాసులు కింద పెట్టండి!

నా సంగతి మీకు తెలిసిందే. మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసులు లేస్తున్న చోట బండలన్నీ మన సమ్మెట దెబ్బ తిన్నవే. సమ్మెట ప్రాణమంతా కామలోనే, అంటే దాని పిడికర్రలోనే ఉంటుంది. దెబ్బ పడ్డప్పుడు కామ కాస్త వంగాలి, మళ్లీ లేవాలి. మొండి కర్ర వేస్తే ఆ దెబ్బంతా మన భుజానికే. అందుకే మంచి కర్ర కనబడితే నా చేతులు ఊరుకోవు. మా ఇంజనీర్ సారు మాటిమాటికీ పేజర్ చూసుకున్నట్టు నేను కర్రలు చూస్తుంటాను. ఒకసారి బస్సులో ఎవరో పెద్దాయన చేతికర్ర వంచి చూసి తిట్లు కూడా తిన్నాను.

ఇదంతా మా చెల్లె సుజాతకు తెలుసు. అబ్బాయి శ్రీను మా సైట్‌లోనే టిప్పర్ నడుపుతాడు. వాళ్లు వచ్చి చూసిపోయిన రోజే దీనికి తెగ నచ్చేశాడు. ఇప్పుడు అమ్మ, నేను వాళ్ల ఇల్లు చూడటానికి పోవాలి. బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఆళ్లింట్ల ఏ కర్రనూ ముట్టకు."

"నేనేమన్న పాగల్‌గాన్నా? జర ఫికర్ వెట్టుకోకు."

వాళ్ల వాకిట్లో బీర పందిరి, కింద కుర్చీలు. శ్రీను నాయన మల్లయ్య చాలా గంభీరమైన మనిషి. నేను చేతులు తొడల కింద పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. నిజం! కానీ నా కుర్చీ వేసింది పందిరి గుంజ పక్కనే. వంకర లేదు, ముడి లేదు, కామలకు పేరుబడ్డ తిరుమాను కర్ర! ముందు వేలితో తట్టాను. ఎవరూ చూడలేదు. కొంచెం నెట్టాను. వంగింది, లేచింది. అబ్బ! ఇంకొంచెం గట్టిగా గుంజాను. భూమిలో పాతారనుకున్నా, ఊరికే నిలబెట్టారట!

మల్లయ్య గొంతు సవరించుకుని "పిల్ల మాకు..." అన్నాడు. గుంజ నా చేతిలోకి వచ్చింది. పందిరి ఆయన నెత్తిమీదికి వచ్చింది.

తీగల్లోంచి ఆయన తల మెల్లగా బయటపడింది. చెవి పక్కన బీరకాయ ఊగుతోంది. మా అమ్మ చూసిన చూపుకు అక్కడే చచ్చిపోయాను. నా చెల్లె సంబంధం నా చేతులారా చెడగొట్టానే అని ఏడుపొచ్చింది.

"ఇటియ్యి" అని చెయ్యి చాపాడు మల్లయ్య. ఇచ్చాను. దెబ్బకు వీపు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన కర్రను మోకాలికి ఆనించి వంచాడు, వదిలాడు. ముఖం వెలిగిపోయింది.

"నా గొడ్డలి కామకని దాచిన. ఎవ్వల కండ్ల పడొద్దని గుంజ లెక్క నిలవెట్టిన. నీకెట్ల కనవడ్డదిరా?"

"పక్కనే కూసోవెట్టిన్రు గద మామా!"

వాళ్లావిడ నెత్తి కొట్టుకుంది. "ఇంట్ల ఉన్న పిచ్చోడు సాలడని ఇంకో పిచ్చోనితోని వియ్యమా!"

ఆయన బీరకాయ పక్కకు నెట్టి, ఆగిన మాట పూర్తి చేశాడు. "పిల్ల మాకు నచ్చింది."

అట్లా పెళ్లి ఖాయమైంది. ఇంటికొచ్చి సంగతంతా చెబితే సుజాత ఒకటే మాట అంది: పెళ్లి పందిరికి ఇనుప పైపులే వెయ్యాలట. "పైపులల్ల గూడ మంచియి, చెడ్డయి ఉంటయి, నేనొచ్చి వంచి చూస్త" అన్నాను.

నన్ను పెళ్లికి పిలవాలా వద్దా అని ఇప్పుడు ఇంట్లో మాటలు నడుస్తున్నాయి.