మా అత్త పంపులో కలిపిన నీలిమందు

నా చిన్నప్పుడు బూర్గంపాడు దగ్గర మాకు రెండెకరాల మిరపచేను ఉండేది. దానికి పురుగుమందు కొట్టే పని తాతయ్య నుంచి మా నాయన చేతికొచ్చింది. నేను బడిలో చేరేనాటికే తాతయ్య చేతులు వణికేవి, నడక చిన్న చిన్న అడుగులైపోయింది. అన్నిటికన్నా ఆయన ముఖం చూస్తే నాకు దిగులేసేది. ఎంత నవ్వొచ్చే మాట చెప్పినా అది కదిలేది కాదు.

మా మేనత్త భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సు. అక్కడి డాక్టరు తాతయ్యను చూసి, ఇది పార్కిన్సన్ లాంటి జబ్బని, ఎందుకొచ్చిందో కచ్చితంగా చెప్పలేమని, అయితే ఏళ్ల తరబడి పురుగుమందుల్లో పనిచేసినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ ఉండొచ్చని అన్నాడట. అత్త ఆ మాట నాయనకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆయన వినేవాడు కాదు. తన ఒంటిమీద చుక్క కూడా పడదని ఆయన నమ్మకం.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అత్త నేరుగా మా చేనికొచ్చింది. మందు పంపును బాగా కడిగించి, మంచినీళ్లు పోయించి, అందులో బట్టలకు వేసే నీలిమందు కలిపింది. నాయనను తెల్ల బనీను, తెల్ల పంచె కట్టుకోమంది.

“అన్నా, రోజు కొట్టినట్టే రెండు సాళ్లు కొట్టు. నీ మీద చుక్క పడకపోతే ఇగ ఎన్నడు నీకు చెప్ప.”

నాయన పందెం గెలిచినట్టే నవ్వుతూ బయల్దేరాడు. గాలి ఎదురుగా వీస్తోంది, ఆయన పట్టించుకోలేదు. మధ్యలో చేత్తో చెమట తుడుచుకున్నాడు. పంపు ముక్కు పూడుకుపోతే అలవాటుగా విప్పి నోటితో ఊదాడు. రెండు సాళ్లయ్యేసరికి మీసం నీలం, పెదాలు నీలం, పంపు కారి వీపంతా నీలం.

గట్టుమీద మంచంలో కూర్చున్న తాతయ్య వైపు నుంచి వింత చప్పుడు వచ్చింది. తాతయ్య నవ్వుతున్నాడు. ముఖం పెద్దగా కదల్లేదు గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు పట్టలేనంత సంబరమేసింది. పరుగెత్తి వెళ్లి నాయన మెడకు వేలాడాను. ఆయన నన్ను ఎత్తుకుని దించాడు. నా గౌనుమీద ఐదు వేళ్లతో సహా నీలం చెయ్యి అచ్చు పడింది.

నాయన నవ్వు ఆగింది. ఆ అచ్చువైపు చాలాసేపు చూశాడు.

“రోజు గిట్లనే ఎత్తుకుంట గద చెల్లె,” అన్నాడు మెల్లగా.

“అవ్ అన్నా,” అంది అత్త. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత నాయన మందును చేత్తో కాక కర్రతో కలిపేవాడు. చేతులకు తొడుగులు, ఒంటిమీద నిండు చొక్కా, నడక గాలివాలుకే. స్నానం చేసేదాకా నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఊళ్లో కొన్నాళ్లు ఆయన్ని ‘నీలిమీసం’ అని పిలిచారు, ఆయనా నవ్వేవాడు. తాతయ్య జబ్బు తగ్గలేదు. నాయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి, చేతులు వణకవు. అది ఆ జాగ్రత్త వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను.

మా చిన్నబ్బాయిది వెల్డింగ్ షెడ్డు. ఆ పొగలోనూ నరాలకు పడని లోహాలుంటాయని చెబితే విసుక్కున్నాడు. మొన్న ఒక తెల్లగుడ్డ తడిపి వాడు పనిచేసే చోట కట్టి, సాయంత్రం దాకా ఊరికే కూర్చున్నాను. నల్లబడ్డ గుడ్డను వాడే విప్పి చూసుకున్నాడు. మర్నాడు పనంతా షెడ్డు బయటికి మార్చాడు, ముఖానికి మాస్కు కూడా తెచ్చుకున్నాడు. మంచి మాట చెప్పడం నాకెప్పుడూ తేలికే. కళ్లకు చూపించి నోరు మూసుకోవడం మాత్రం మా అత్త దగ్గరే నేర్చుకున్నాను.