చెవి బాబాయి చెప్పిన ధర

ఆ వీధిలో పాత కెమెరా ఏదైనా చేతులు మారాలంటే ముందు చెవి బాబాయి దగ్గరికి రావాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. ఇరవై రెండేళ్లుగా అలా జరిగిపోతోంది, అంతే. అమ్మేవాడూ కొనేవాడూ కలిసి ఆయన కొట్టుకి వస్తారు. ఆయన కెమెరాను కుడిచెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, బటన్ నొక్కుతాడు. లోపలున్న చిన్న అద్దం టప్పున పైకి లేచి కిందికి వాలుతుంది. పదిసార్లు ఆ చప్పుడు విని కళ్లు తెరిచి, "డెబ్భై వేల ఫొటోలు తీసింది. అద్దం కీలు బాగానే ఉంది. ముప్ఫై ఒక్క వేలు," అంటాడు. ఆ మాటకి తిరుగులేదు. దాన్ని అందరూ చెవి ధర అంటారు. ఆయన దగ్గర బేరమాడటం ఎప్పుడో మానేశారు. ఆడితే ఆయన చిన్నబుచ్చుకోడు గానీ, కెమెరాను మళ్లీ చెవికి ఆనించుకుని ఇంకో రోగం కనిపెడతాడు.

ఈ విద్య ఆయనకి ఊరికే అబ్బలేదు. కుర్రతనంలో ఒక రిపేరు కొట్టులో తొమ్మిదేళ్లు పనిచేశాడు. అక్కడి గురువుగారికి చూపు సరిగా ఆనదు. అందుకని ఆయన స్క్రూలు, స్ప్రింగులు, కీళ్లు అన్నీ చప్పుడుతోనే నేర్పాడు. శిష్యుడు అక్కడితో ఆగలేదు. ఇంట్లో ఫ్యాను ఇంకెన్ని నెలలు తిరుగుతుందో, పక్కింటివాళ్ల స్కూటరు ఏ మలుపులో మొరాయిస్తుందో కూడా చెప్పేస్తాడు. పిన్నికి, అంటే ఆయన భార్యకి, దీని మీద ఒకటే ఫిర్యాదు.

"డబ్బాలో ఉన్న స్ప్రింగు గుసగుస వినపడుతుంది గానీ, వంటింట్లోంచి నేను అరిచి పిలిస్తే మాత్రం వినపడదు ఈయనకి!"

కొట్టుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్కన, కొత్త కెమెరాల షాపు ఉంది. అది ఆయన బావమరిదిది. ఆరేళ్ల కిందటి దాకా బావా బావమరిదీ ఒకే బల్ల వెనక కూర్చునేవారు. ఒకరోజు బావమరిది ఏదో కాగితం పట్టుకొచ్చి, "బావా, అద్దం లేని కెమెరాలొస్తున్నాయి. మిర్రర్‌లెస్ అంటారు. మనం అవి పెడదాం," అన్నాడు. బాబాయి కాగితం వైపు చూడను కూడా చూడలేదు.

"కెమెరాలో అద్దం తీసేస్తే ఏం మిగుల్తుందిరా? నీ బుర్రలోలాగా ఖాళీయే కదా!"

పక్కన ఇద్దరు కస్టమర్లు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే బావమరిదికి గుచ్చుకుంది. నెల తిరగకుండా ఎదురుగా షాపు తెరిచాడు. అప్పటినుంచి బాబాయి ఆ రోడ్డు దాటలేదు. పిన్ని మాత్రం రోజుకి పదిసార్లు దాటుతుంది. మొగుడి క్యారియరూ తమ్ముడి క్యారియరూ రెండు చేతుల్లో పట్టుకుని, ఇటు మాట అటు చెప్పకుండా, అటు మాట ఇటు చెప్పకుండా ఉండలేక, అన్నీ చెప్పేస్తూ ఉంటుంది.

మొదట్లో బాబాయి మాటే నెగ్గినట్టు కనిపించింది. పెద్ద సెన్సరు పెట్టి, అద్దం తీసేసి చేసే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు అప్పట్లో ఒక్క కంపెనీయే అమ్మేది. పోటీ లేదు కాబట్టి ధర ఎంతంటే అంత. వీధిలో జనం బావమరిది షాపు అద్దాల్లోంచి చూసి నిట్టూర్చి, రోడ్డు దాటి బాబాయి దగ్గర పాతవి కొనుక్కునేవారు. ఆ తర్వాత రెండో కంపెనీ దిగింది. దాని వెనకే మూడోది. ఇక చూడాలి తమాషా! ఒకరు కొత్త మోడల్ తెచ్చిన వారంలోనే రెండోవాళ్లు తమ పాత మోడల్ ధర కోసేస్తారు. అది చూసి మూడోవాళ్లు ఇంకాస్త తగ్గించి, పైన ఒక లెన్సు ఊరికే ఇస్తామంటారు. బావమరిది స్టూలెక్కి షాపు అద్దం మీద ధర స్టిక్కరు అంటిస్తాడు. అది ఆరేలోపు ఇంకోటి అంటించాల్సి వస్తుంది. పాతవి పీకే ఓపిక లేక ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయాడు. చివరికి అక్కడ దిండు అతికించినట్టు ఎత్తుగా తయారైంది.

ఇటుపక్క, అద్దం ఉన్న పాత కెమెరాల ధర నేలకి దిగింది. బాబాయి కొట్టులో బీరువాలు నిండుగానే ఉన్నాయి, కొనేవాళ్లే పలచబడ్డారు. అయినా ఆయన బెంగ సరుకు గురించి కాదు. సరుకు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. తన మాట మీద వీధికున్న నమ్మకం పోతే తనకింకేం మిగలదని ఆయనకి తెలుసు. పొద్దున్నే షట్టరెత్తేది ఆ ఒక్క ధీమాతోనే.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం స్టూడియో అమ్మాయి వచ్చింది. సందు చివర గుర్తింపు కార్డుల ఫొటోలు తీస్తుంది. ఈమధ్య పసిపిల్లల ఫొటోలు మొదలుపెట్టింది. నిద్రపోతున్న పాపాయిని అరగంట తంటాలుపడి బుట్టలో సర్దుతుంది. తీరా బటన్ నొక్కేసరికి పాత కెమెరాలో అద్దం టప్పుమంటుంది, పాపాయి కెవ్వుమంటుంది. అందుకే చప్పుడు చేయని కెమెరా కోసం రెండేళ్లుగా దాచుకుంటోంది. ఆమె వెంట పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు ఉన్నాడు. తన ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ అమ్మేసి కొత్త మోడల్ కొనాలని అతని ఆరాటం.

"విని చెప్పండి బాబాయ్," అందామె, కెమెరా బల్ల మీద పెడుతూ.

బాబాయి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. నొక్కాడు. ఏమీ లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. ఎడంచెవికి మార్చాడు. ఇరవై రెండేళ్లలో ఆయన చెవి మార్చడం ఎవరూ చూడలేదు. ఆ ఇద్దరూ అదేదో పెద్ద పరీక్ష కాబోలనుకుని ఊపిరి బిగబట్టారు. బాబాయికి ముచ్చెమటలు పోశాయి. కళ్లు తెరిస్తే ఏదో ఒకటి చెప్పాలి. కళ్లు మూసుకుని ఎంతసేపని కూర్చుంటాడు?

"నలభై వేల ఫొటోలు," అన్నాడు కళ్లు తెరిచి. "మంచి బండి. తొంభై రెండు వేలు."

పిన్ని ఆ ముందు వారం తమ్ముడి షాపులో చూసొచ్చిన కొత్తదాని ధరలోంచి ఓ పదిహేను వేలు తీసేశాడు. అదీ ఆయన విన్నది. స్టూడియో అమ్మాయి సంతోషంగా డబ్బిచ్చేసి కెమెరా గుండెలకి హత్తుకుంది. ముగ్గురూ పిన్ని ఇచ్చిన టీ తాగారు.

టీ గ్లాసులు కడిగేలోపే బావమరిది స్టూలెక్కాడు. కొత్త స్టిక్కరు పడింది. అదే మోడల్, పెట్టె కూడా విప్పనిది, రెండేళ్ల వారంటీతో, ఎనభై తొమ్మిది వేలు. మూడో కంపెనీవాళ్లు ఆ ఉదయమే ఏదో కొత్తది ప్రకటించారట. గుమ్మం దాటబోతున్న స్టూడియో అమ్మాయి అది చదివి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి వెనక్కి వచ్చి బల్ల ముందు నిలబడింది. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేదని బాబాయికి అనిపించింది.

"బాబాయ్, కొత్తదే మూడు వేలు తక్కువట."

"ధర ఇప్పుడే కదమ్మా తగ్గింది!" అన్నాడు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు గబగబా. "మనం అనుకున్నప్పుడు లేదు కదా. బాబాయ్ మాత్రం ఏం చేస్తాడు?"

నిజమే. తప్పు కంపెనీలది, బావమరిది స్టూలుది. బాబాయి తలూపి ఊరుకుంటే సరిపోయేది. తలూపబోయాడు కూడా. ఎదురుగా ఆ పిల్ల మొహం చూశాక తల ఊగలేదు.

"ధర సంగతి అలా ఉంచు అమ్మాయ్. నాకసలు ఏమీ వినపడలేదు."

"ఏంటి బాబాయ్?"

"ఈ కెమెరాలో నాకు ఒక్క చప్పుడు కూడా వినపడలేదు. సిగ్గేసి నోటికొచ్చింది చెప్పాను."

లోపల గ్లాసులు కడుగుతున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది. బాబాయి కెమెరా తీసుకుని, చెప్పులేసుకుని, ఆరేళ్ల తర్వాత మొదటిసారి రోడ్డు దాటాడు. వెనకాలే వాళ్లిద్దరూ, వాళ్ల వెనక తడిచేతులతో పిన్నీ. బావని చూసి బావమరిది స్టూలు మీదే బిగుసుకుపోయాడు.

"దిగరా. దిగి ఇది చూసి చెప్పు."

బావమరిది దిగాడు. కెమెరా ఆన్ చేసి, ఏవో మీటలు నొక్కి, తెర మీద వేలితో చూపించాడు. "చప్పుడు లేకుండా తీసేలా పెట్టి ఉంది బావా. నీకెలా వినపడుతుంది? చప్పుడొచ్చేలా మార్చొచ్చు గానీ, అప్పుడూ లాభం లేదు. చప్పుడు చేయకుండా తీసిన ఫొటోల లెక్క ఏ చెవికీ అందదు." తర్వాత ఫొటోగ్రాఫరు వైపు తిరిగాడు. "ఎన్ని తీశావయ్యా దీంతో?"

"లక్షన్నర దాకా ఉంటాయి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"మరి ఆయన నలభై వేలంటే ఎందుకు ఊరుకున్నావు?"

"చెవి బాబాయ్ చెప్పాక కాదనడానికి నేనెంతవాణ్ని? నేనే లెక్క తప్పానేమో అనుకున్నాను!"

పిన్ని ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుకి కోపం తెచ్చుకునే స్థితిలో బాబాయి లేడు. ఫొటోగ్రాఫరు డబ్బు తిరిగిచ్చి తన కెమెరా తీసుకున్నాడు. స్టూడియో అమ్మాయి కొత్తది కొనలేదు. "ఇవాళ ఎవరి మాటా నమ్మే ఓపిక లేదు," అని వెళ్లిపోయింది. ఆ మాట బాబాయికి తగలాల్సిన చోటే తగిలింది.

"నువ్వైనా బాగుపడుతున్నావా?" అడిగాడు బావమరిదిని, వెళ్లబోతూ.

"ఏం బాగుపడటం బావా! పోయిన నెల ఒక్కోటి లక్షా అయిదు వేలు పోసి తెచ్చినవి లోపల పన్నెండున్నాయి. నేను స్టిక్కరు వేసినప్పుడల్లా అందరూ పండగనుకుంటారు. నేను మాత్రం ఆ పన్నెండు పెట్టెలూ మళ్లీ లెక్కేసుకుంటాను."

బాబాయి ఇంకో పావుగంట అక్కడే కూర్చున్నాడు. ఇద్దరూ కంపెనీలని తిట్టుకున్నారు. ఆరేళ్లలో వాళ్లిద్దరికీ ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది అదే మొదటిసారి.

వీధిలో సంగతి పొక్కడానికి సాయంత్రం కూడా అక్కర్లేకపోయింది. చెవి బాబాయికి వినపడలేదట! కొందరు జాలిపడ్డారు, కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు, టీకొట్టు దగ్గర ఒకాయన వినికిడి యంత్రం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాడు. పది రోజులు ధర చెప్పించుకోవడానికి ఒక్కరూ రాలేదు. బాబాయి ఉన్న కెమెరాలే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"పోన్లెండి," అంది పిన్ని అన్నం వడ్డిస్తూ. "వినపడలేదని ఒప్పుకోవడం వచ్చేసింది కదా. పనిలో పని, నేను పిలిచినప్పుడు కూడా వినపడట్లేదని ఒప్పుకోండి."

"అది వినపడుతూనే ఉంటుందే," అన్నాడు బాబాయి నీరసంగా. పిన్ని గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పదకొండో రోజు ఉదయం గుమ్మంలో నీడ పడింది. స్టూడియో అమ్మాయి. వెంట ఇంకెవరో నడివయసు ఆయన. ఆమె సంచిలోంచి మిర్రర్‌లెస్ కెమెరా తీసి బల్ల మీద పెట్టింది.

"ఈయన అమ్ముతున్నారు. మీరు చెప్పండి బాబాయ్."

బాబాయి కెమెరాను ముట్టుకోలేదు. "ఇది నాకు వినపడదమ్మా. నీకు తెలుసు కదా. ఎదురుగా వెళ్లు, మా బావమరిది చూస్తాడు."

"ఈ పది రోజుల్లో నాలుగు షాపులు తిరిగాను బాబాయ్. అందరూ చూశారు, అందరూ ధర చెప్పారు. ఒక్కరు కూడా నాకు తెలియదు అనలేదు. మీరొక్కరే అన్నారు. అందుకే మీ దగ్గరికొచ్చాను."

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇద్దరికీ కుర్చీలు లాగాడు. చెయ్యి అలవాటుగా కెమెరా మీదికి వెళ్లింది గానీ చెవి దాకా వెళ్లలేదు. దాన్ని అలాగే బల్ల మీద ఉంచి, ఆ పెద్దమనిషి వైపు తిరిగి, ఇరవై రెండేళ్లలో ఏ అమ్మకందారునీ అడగని మాట అడిగాడు.

"ఎన్ని ఫొటోలు తీశారండీ దీంతో?"