పాదం కింద ఇసుక దొందు

సముద్రపు పాయల్లో నేను చూసిన ఇసుక దొందు చేపకూ, మన వాగుల్లో దొరికే దొందుకూ రెక్కల అమరికలో తేడా ఉందా అన్న సందేహం నన్ను ఈ ప్రయాణానికి పురికొల్పింది. అందుకు గాయపడని, ప్రాణంతో ఉన్న చేప కావాలి. ఉదయం ఆరింటికి జనగామలో రైలెక్కి కాజీపేటలో దిగాను. హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో చిట్యాల చేరేసరికి పది దాటింది. అక్కడి నుంచి వాగుకు రానుపోను ఆటో నాలుగు వందలు. డ్రైవరు సమ్మయ్యే నన్ను ఆ వాగులో చేపలు పట్టే కొమురయ్యకు పరిచయం చేశాడు.

వలలో పడితే ఈ చేప రెక్కలు చిరుగుతాయి. కొమురయ్య అరికాలితో పడతాడు. మోకాలి లోతు నీళ్లలో పాదాలను ఇసుకలో జరుపుతూ వెళ్లి, అడుగున దాగిన చేప తగలగానే నలగకుండా అదిమి, చేత్తో తీస్తాడు. రెండు గంటలు ఒక్కటీ దొరకలేదు. చివరికి వాగు నడుమ ఆగి, కాలి కింద చేప తగిలిందని చెయ్యెత్తాడు.

“కాలు కదపకుండ్రి, డబ్బ తెస్త,” అన్నాను.

చేపను వెయ్యాల్సిన డబ్బాలో నీరు ఎండకు వేడెక్కింది. ఒడ్డున కూర్చుని నీరు మార్చి, వేడిమి కొలుస్తున్నాను.

“సార్, నీళ్లు ఎర్రవడ్డయ్. మీది ఊళ్లల్ల వాన కొట్టినట్టుంది,” అన్నాడు సమ్మయ్య.

మా నెత్తిన ఎండ కాస్తోంది. తలెత్తేసరికి నీరు కొమురయ్య నడుము దాటింది. ప్రవాహం పాదాల చుట్టూ ఇసుకను కోస్తుంటే ఆయన కుంగుతున్నాడు. బయటికి రమ్మని పిలిచాను.

“మీరే కదపద్దంటిరి. జర ఆగుండ్రి, చెయ్యి వెడ్తున్న,” అంటూ గడ్డం మునిగేలా వంగాడు.

“చేప వద్దే వద్దు, కాలు తియ్యన్నా!” అని అరిచాను.

ఒక కాలు వచ్చింది. రెండోది పిక్క దాకా ఇసుకలో బిగిసింది. సమ్మయ్య ఆటోలోని తాడు విసిరాడు. ఇద్దరం వెనక్కి వాలి లాగాం. మూడో లాగుకు ఆయన పక్కకు పడి, మునిగి, తేలి ఒడ్డు చేరాడు.

“చేపను తొక్కిపట్టిన్నంటివి, అదే నిన్ను తొక్కిపట్టె గదనే,” అన్నాడు సమ్మయ్య, తాడు చుడుతూ.

కొమురయ్య నా వైపు తిరిగాడు. “కాలు ఎప్పుడు వెట్టాల్నో నాకెరుకే సారూ. ఎప్పుడు తియ్యాల్నో మీరు చెప్పకపోతిరి.”

నిజమే. నీటి వేడిమిని అంత శ్రద్ధగా కొలిచిన నేను, ఆ నీటిలో నిలబడిన మనిషికి సగం మాటే చెప్పాను. చేప కొలతలు లేకుండానే సాయంత్రం బస్సెక్కాను. మీరు వెళ్లేటట్లయితే ఎగువ ఊళ్లలో వాన ఉందేమో ఫోనులో కనుక్కోండి. వాగులో దిగే ముందే, ఏ పిలుపు వినగానే అన్నీ వదిలి బయటికి రావాలో అందరూ కలిసి అనుకోండి.