ఉప్మా భోజనం కాదు

మా మామయ్యగారికీ నాకూ రోజూ సాయంత్రం వార్తల వేళకు పోట్లాట. ఇది 2011 నాటి మాట. చిక్కడపల్లిలో మా ఇల్లు, హాల్లో టీవీ, టీవీలో తెలంగాణ వస్తుందా రాదా అని గొంతులు చించుకునే పెద్దమనుషులు. నేను అడిక్‌మెట్‌లో పుట్టి పెరిగి ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. ఆయన ఎప్పుడో ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. టీవీలో వాళ్లు మొదలుపెట్టగానే ఇంట్లో మేమూ మొదలుపెట్టేవాళ్లం.

"వచ్చేస్తది మామయ్యా, రాసిపెట్టుకోండ్రి."

"రాదమ్మాయ్. నువ్వే రాసిపెట్టుకో. తేదీ కూడా వేసుకో."

"వచ్చినంక మిమ్మల్ని వీసా అడుగుత, చూడండ్రి."

"అడుగు, అడుగు. మా ఊరి ఆవకాయ మీ దాకా రాకుండా దార్లోనే ఆపించేస్తా."

వంటింట్లోంచి అత్తయ్య కేక: "మీ రాష్ట్రం సంగతి తర్వాత, ఇక్కడ పప్పు పొంగిపోతోంది, ఎవరో ఒకరు రండి!"

ఈ పోట్లాటంటే నాకు ప్రాణం. ఎందుకో చెప్పాలి. అంతకు ముందు ఏడాది, రిటైరైన కొన్నాళ్లకే, ఆయన మాట్లాడటం మానేశారు. గోడవైపు తిరిగి పడుకునేవారు. స్నానానికి బతిమాలాలి, అన్నానికి బతిమాలాలి. ఒకరోజు అత్తయ్యను "నేనెందుకే ఇంకా ఉండటం?" అని అడిగారట. ఆవిడ పోపు మాడ్చేసి, స్టవ్ ముందే కూలబడి ఏడ్చింది. ఆయన్ను నారాయణగూడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. డిప్రెషన్ అంది. రాత్రి భోజనం తర్వాత ఒక మాత్ర వేసుకోమంది. "బాగైందనిపించగానే అందరూ ఆపేస్తారు. మీరు మాత్రం ఆపకండి. ఎప్పుడు ఆపాలో నేనే చెబుతాను" అని గట్టిగా చెప్పింది కూడా.

ఇరుగుపొరుగుకు అత్తయ్య అది గ్యాస్ బిళ్ల అని చెప్పింది. ఇక వీధి వీధంతా మా ఇంటికి వాము మోసుకొచ్చింది. పాపం మామయ్య, మనసు బాగాలేనందుకు కడుపు నిండా వాము నీళ్లు తాగారు.

మందు మెల్లగా పనిచేసింది. ఆయన లేచారు, గడ్డం గీసుకున్నారు, సాయంత్రాలు అశోక్‌నగర్ వైపు నడకకు బయల్దేరారు. అక్కడి చాయ్ బండ్ల దగ్గర సర్కారీ కొలువుల కోసం చదివే పిల్లలుంటారు కదా, వాళ్లు అడగకపోయినా నిలబెట్టి జనరల్ నాలెడ్జి చెప్పేవారు. ఆయన్ను దూరం నుంచి చూడగానే పిల్లలు చాయ్ గటగటా తాగేసి సందుల్లోకి జారుకునేవాళ్లట. ఆయనే చెప్పి పకపకా నవ్వారు. తిరిగొచ్చాక నాతో పోట్లాట మామూలే. మనిషి పూర్తిగా చేతికొచ్చాడని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు పట్టుకుంది ఆయనకు భక్తి. శనివారం ఒంటిపూట భోజనం ఎప్పుడూ ఉండేదే. పగలు అన్నం, రాత్రి ఏదో టిఫిన్. దానికి శివుడి పేరు మీద సోమవారం తోడైంది. తర్వాత ఆంజనేయస్వామి మంగళవారం అడిగాడు, గురువారం సాయిబాబా ఊరుకోలేదు. మిగిలిన రోజులకూ ఒక్కో దేవుడు దొరికాడు. అత్తయ్య మురిసిపోయింది. "చూశావుటే, మీ మామయ్యకు ఎంత మార్పొచ్చిందో!" అని పొంగిపోతూ దాదాపు రోజూ రాత్రి ఉప్మా చేసింది. నేను మాత్రం తక్కువదాన్నా? పెసరట్టు చేసిన రాత్రి ఏ దేవుడిదో కూడా అడగకుండా కూర్చుని తినేశాను.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం టీవీ మోగుతోంది. నేను మామూలుగానే అన్నాను:

"వచ్చేస్తది మామయ్యా."

ఆయన నావైపు తిరగలేదు. "రానీలేమ్మా" అన్నారు.

తెలంగాణ బిడ్డను, ఆ మాటకు ఎగిరి గంతేయాలి. నేను లేచి టీవీ కట్టేశాను. మర్నాడు కూడా అంతే. ఆయన నడకకు వెళ్లలేదు, గడ్డం గీసుకోలేదు. మందుల డబ్బా తీసి చూస్తే నాకు మతి పోయింది. ఎప్పుడో అయిపోవాల్సిన గోలీలు దాదాపు అన్నీ అట్లాగే ఉన్నాయి.

"ఏంది మామయ్యా ఇది?"

"డాక్టరుగారు రాత్రి భోజనం తర్వాత వేసుకోమన్నారమ్మాయ్. ఉప్మా భోజనం కాదుగా."

"రెండు ప్లేట్లు తింటిరి కదా!"

"ఎన్ని తింటేనేం? అన్నం ముద్ద పడందే భోజనమెలా అవుతుంది? మీ అత్తయ్యనడుగు."

అత్తయ్య పాపం పరేషాన్‌లో ఉండి కూడా అబద్ధం చెప్పలేకపోయింది. "అది నిజమేనే. టిఫిన్‌ని భోజనమనరు" అంది. నా తల ఎక్కడ కొట్టుకోను? ఆ దేవుళ్లందరినీ వరసగా నిలబెట్టి కడిగేయాలనిపించింది.

"మామయ్యా, నిజం చెప్పండ్రి. ఎందుకు ఆపిండ్రు?"

ఆయన పంచె అంచు నలిపారు. "నవ్వేది నేనో ఆ బిళ్లో తెలియట్లేదమ్మాయ్. చూద్దామని ఆపాను" అన్నారు.

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ముందు కోపమే బయటికొచ్చింది.

"అత్తయ్య రోజూ బీపీ గోలి వేసుకుంటది. మరి మిమ్మల్ని తిట్టేది అత్తయ్యా, గోలియా?"

ఆయన ఆలోచించారు. "మీ అత్తయ్యే. పెళ్లైన నాటి నుంచీ" అన్నారు. నవ్వలేదు గానీ, చెప్పులేసుకుని నాతో బయల్దేరారు.

డాక్టరమ్మ మా గోడు మొత్తం విని, ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మందు ఆపినవాళ్లు చెప్పే కారణాలు చాలా విన్నాను. ఇది మాత్రం కొత్త" అంది. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి, రెండోసారి జబ్బు పడ్డారు కాబట్టి ఈసారి ఎక్కువ కాలం వాడాలని ఆయనకే నచ్చజెప్పింది. "ఏ ఉపవాసంలోనైనా మీరు మానని వస్తువు ఏదైనా ఉందా?" అని అడిగింది.

"కాఫీ" అంది అత్తయ్య ఠక్కున. "అది పడందే ఈయన దేవుడికైనా దండం పెట్టరు."

"అయితే పొద్దున కాఫీ తర్వాత."

మందు మళ్లీ పట్టడానికి వారాలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ రోజులు నాకు నరకం. రోజూ పొద్దున ఆయన గోలి మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. రోజూ సాయంత్రం ఆయన్ను రెచ్చగొట్టేదాన్ని. "కృష్ణా నీళ్లన్నీ మాకే మామయ్యా" అన్నాను. "సరేలేమ్మా" అన్నారు. "మీ ఆవకాయ కన్నా మా అమ్మ పెట్టే తొక్కే మస్తుంటది" అన్నాను. దానికీ "ఊఁ" అన్నారు. ఇంకేం మిగిలింది మనిషిలో అని బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చాను.

ఒక సాయంత్రం నేను బీరకాయలు చెక్కుతూ, విసుగొచ్చి ఏమీ అనకుండా ఊరుకున్నాను. టీవీలో ఎవరో అరుస్తున్నారు. వెనకనుంచి వినబడింది:

"రాదమ్మాయ్."

"ఏందీ?"

"రాదంటున్నా. రాసిపెట్టుకో. తేదీ కూడా వేసుకో."

ఆ మాట విని అంత సంబరపడిన తెలంగాణ ఆడపిల్ల ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. "వస్తది!" అని అరిచాను. "మళ్లీ మొదలెట్టారూ!" అంటూ గుమ్మంలోకొచ్చిన అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

2014లో తెలంగాణ వచ్చిన రోజు రాత్రంతా చిక్కడపల్లిలో టపాసులు. తెల్లారాక ఆయన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా ముందుకు చెయ్యి చాపారు.

"ఏదమ్మాయ్ నా వీసా?"

ఆ చేతిలో గోలి పెట్టాను.

"ఇగో, ఇదే. రోజూ వేయించుకోవాలె."

ఆయన నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నాకు కనబడేలా నోరు తెరిచి చూపించారు.