మరవకు అడ్డంగా మా ఇల్లు

బంగారు గనులు మూసేసినాక కేజీఎఫ్‌లో ఇంగ బతకలేమన్నాడు మా ఆయన. అన్నేండ్లు భూమి కింద పని చేసినోడికి పైన ఏ పనీ కుదరలేదు. శ్రీనివాసపురం పక్క వాళ్ళ మేనమామ ఊర్లో, చెరువు కింద పల్లంలో రొంత నేల చౌకగా దొరికింది. రెండు గదులు వేసుకొని చుట్టూ మామిడి అంట్లు నాటుకున్నాము, ఒక ఆవును తెచ్చుకున్నాము. అది ఎందుకంత చౌకో మాకెవురూ చెప్పలేదు. దాచిపెట్టి కాదు, వాళ్ళే మరిచిపోయినారు.

చెరువు నిండినప్పుడు మిగులు నీళ్ళు పొర్లి బయటికి పోయే తావును ఆ పక్క మరవ అంటారు. మా ఇల్లు సరిగ్గా ఆ మరవ కాలువలో ఉండింది. అయితే మేము పోయేసరికి చెరువులో తుమ్మచెట్లే గానీ నీళ్ళు లేవు. పిల్లోళ్ళు అందులో క్రికెట్ ఆడేవాళ్ళు. తోటల్లోకి లారీలు పోయేదానికని మామిడి మండీ సావుకారు ఒకాయన మరవ నోటికి అడ్డంగా మట్టి పోయించి ఎత్తుగా దోవ వేయించినాడు. ఊరంతా ఆ దోవనే నడిచింది, మేమూ నడిచినాము. నీళ్ళు లేని చెరువుకు మరవతో ఏం పని?

పక్కింటి ముసలామె మాత్రం ఒకసారి చెప్పింది. "నా చిన్నప్పుడు ఈ కట్ట తెగిందమ్మా. మా పెద్దమ్మ చంకలో బిడ్డను పెట్టుకొని గొడ్లను విప్పేదానికి పోయింది. ఆమె దొరికింది గానీ బిడ్డ దొరకలేదు."

అయ్యో అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

ఒక ఏడు దీపావళి పోయినా వాన నిలవలేదు. ఎగువ ఊర్ల చెరువులు ఒక్కొక్కటే నిండి, ఒకదాని నీళ్ళు ఇంకొకదాన్లోకి దిగతా వచ్చినాయి. మా చెరువు నిండిన దినం ఊరంతా కట్ట మీదికి ఎక్కింది. ఆడోళ్ళు నీళ్ళకు పసుపు కుంకుమ చల్లి గంగమ్మకు టెంకాయ కొట్టినారు. నేనూ కొట్టినాను.

మర్నాడు పొద్దున కాలనీలో అరుపులు పుట్టినాయి. కాలనీ కట్టకు సరిగ్గా కింద ఉండాది. మేము పోయి చూస్తే కట్ట అడుగున నీళ్ళు ఊరతా ఉండాయి. తేటగా వచ్చింటే ఎవురూ భయపడేవాళ్ళు కాదు. ఎర్రగా, మట్టితో కలిసి వస్తా ఉండాయి. అంటే నీళ్ళు కట్టను లోపల్నుంచి తినేస్తా ఉండాయి. మరవ మూసుకుపోయింది కాబట్టి వాటికి వేరే దోవ లేదు.

పంచాయితీ మెంబరు జేసీబీని పిలిపించినాడు. లారీల దోవను కోసి మరవ తెరిస్తే కట్ట మీద బరువు తగ్గుతుంది. తెరిస్తే ఆ నీళ్ళు నేరుగా మా ఇంటి మీదికే.

మా ఆయన పార తీసుకొని పరిగెత్తి పోయి బండి ముందర నిలబడినాడు.

"అన్నా, తప్పుకో. కట్ట తెగితే కాలనీ ఉండదు," అన్నాడు మెంబరు.

"నా ఇల్లు యాడికి పోవల్లప్పా? గనిలో ఒళ్ళు గుల్ల చేసుకొని కట్టిన ఇల్లు అది. ఆ సావుకారు దోవ వేసినప్పుడు ఒక్కరూ అడగలేదే! ఇప్పుడు నన్ను తప్పుకోమంటారా?"

సావుకారు గొడుగు కింద తల వంచుకొని నిలబడినాడు. కాలనీ పిల్లోడొకడు కోపంతో మా ఆయన చొక్కా పట్టి లాగినాడు. చొక్కా చినిగింది. మా ఆయన పార పైకెత్తినాడు.

అప్పుడే కింద కాలనీలో ఒక బాలింతను మంచంతో ఎత్తుకొని వస్తా ఉండారు. వాన తగలకుండా ఆ పిల్ల తన బిడ్డ మీద వంగిపోయింది. ముసలామె మాట నా చెవుల్లో గింగురుమనింది. పోయి మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"యోవ్, దించు."

"ఇల్లు పోతాదే."

"పోనీ. ఆడ చూడు. ఆ పిల్లను చూడు."

చూసినాడు. పార దించినాడు. ఉన్నట్టుండి, "ఆవు కట్టేసే ఉండాది కదా?" అన్నాడు.

ఇద్దరం పరిగెత్తినాము. మా వెనకనే జేసీబీ మట్టిని కోసే సప్పుడు. ఇల్లు చేరేసరికి పాదాల కాడ నీళ్ళు. ఆవు బెదిరి పలుపు లాగతా ఉండాది. తడిసిన ముడి రాలేదు. నేను ఇంట్లోకి పోయి కొడవలి తెచ్చేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటినాయి. ఆయన పలుపు కోసినాడు. దోవ తెగిందేమో, ఒక్కసారిగా హోరు వచ్చింది. ఆయన ఆవు కొమ్ము పట్టుకున్నాడు, నేను ఆయన నడుం పట్టుకున్నాను. నడుం లోతు నీళ్ళలో ఆవే మమ్మల్ని గట్టుకు ఈడ్చింది. గట్టెక్కి తిరిగి చూస్తా ఉంటే వెనక గోడ కూలింది. తర్వాత కప్పు. మామిడి అంట్లు ఎప్పుడు పోయినాయో చూడనే లేదు.

సాయంత్రానికి కట్ట కింద ఊట తగ్గింది. కట్ట నిలిచింది. ఒక్క ప్రాణం పోలేదు.

బడి వరండాలో మమ్మల్ని ఉండమన్నారు. చొక్కా చింపిన పిల్లోడు తన చొక్కా ఒకటి తెచ్చి ఇచ్చినాడు. మా ఆయన ముట్టలేదు. రొంతసేపటికి నేను తీసుకున్నాను.

తాలూకా ఆఫీసోళ్ళు వచ్చి చూసి, కాలువలో ఇల్లు కట్టింది మీ తప్పే, పరిహారం రాదు అన్నారు. సావుకారు కూలిన ఇంటి తట్టు రానేలేదు. కాలనీవాళ్ళే మెట్ట మీద మాకు రేకుల షెడ్డు వేసిచ్చినారు. ఆ బాలింత మొగుడు గుంజలు నాటినాడు. మా ఆయన వాళ్ళతో మాట్లాడినాడు గానీ నాతో చానా దినాలు మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

శివరాత్రి దాకా మరవ పారతానే ఉండింది. ఒక దినం ఆడికి బట్టలు ఉతికేదానికి పోయినాను. ఆయనా వెనకనే వచ్చి గట్టున కూర్చున్నాడు.

"నువ్వు చెయ్యి పట్టుకోకపోయింటే, నేను తప్పుకొనేవాణ్ణి కాదే," అన్నాడు.

"తెలుసు," అన్నాను.

దుప్పటి రెండో కొస ఆయన పట్టుకున్నాడు. ఇద్దరం పిండినాము.