ఆళ్లగడ్డ లైన్లో బాషా గొంతు

మహానందిలో తడిబట్టలతో నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. ఒక్క ముక్క కల్పించలేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత నవ్వు రాదు.

మాది విత్తనాల కంపెనీ. ఆఫీసు నంద్యాలలో, గోడౌను ఆళ్లగడ్డలో. రెండింటికీ మధ్య ఒకటే లైను. ఫోన్ మాటలూ అందులోనే, కంప్యూటర్ ఫైళ్లూ అందులోనే. పెద్ద ఫైలు పోతుంటే మాట ముక్కలైపోతుంది. అందుకని మాటకు ముందు దారి ఇచ్చి, ఫైళ్లను వెనక నిలబెట్టాలి. దాన్నే క్యూఓఎస్ అంటాం. రెండు చివర్లా రూటర్లలో పెట్టాలి. నంద్యాలలో పెడితే ఇక్కడి మాట అక్కడికి బాగా పోతుంది, అంతే. అక్కడి మాట ఇక్కడికి బాగా రావాలంటే అక్కడా పెట్టాల్సిందే. పెట్టేటప్పుడు తప్పు జరిగితే లైనే పోతుంది. అందుకే అటు చివర ఒక మనిషి ఉండాలి.

ఆ రాత్రి నంద్యాల వైపు నాది. ఆళ్లగడ్డ వైపు బాషాది.

బాషా నాకంటే చిన్నవాడు. నా తర్వాత చేరాడు. వాడికి పని నేర్పింది నేనే. ఇప్పుడు మా మేనేజరు సారు నోరు తెరిస్తే బాషా, బాషా! నెట్‌వర్క్ ఇన్‌ఛార్జి పోస్టు మా ఇద్దరిలో ఒకరికి ఇస్తామన్నారు. వాడికి పోతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు. దాచేదేముంది... కుళ్లు. పచ్చి కుళ్లు.

ఆఫీసులో నేనొక్కడినే. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా పని ముగించేసరికి టేబుల్ మీద ఫోన్ మోగింది. గోడౌను నంబరు.

"అన్నా, వచ్చినా. మొదలుపెట్టు."

బాషా గొంతు.

మాకొక పద్ధతుంది. లైన్లో పెద్ద ఫైలు వదులుతాం. అవతలివాడు గట్టిగా అంకెలు చదువుతాడు. ఒక్క అంకె తెగినా సెట్టింగు సరిగా లేనట్టే. ఆళ్లగడ్డ నుంచి ఫైలు లాగడం మొదలుపెట్టాను.

"ఒకటి... రెండు... మూడు..."

ఒక్కటీ తెగలేదు. పక్క కుర్చీలో కూర్చుని చదువుతున్నట్టుంది. ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. నాకు కడుపు మండిపోయింది. అప్పుడే పెట్టేశాడా? ఇంత బాగానా? ఏదైనా తప్పు దొరక్కపోతుందా అని ఇక్కడి నుంచే వాడి రూటర్ తెరిచి చూశాను.

అందులో ఏమీ లేదు.

వాడింకా ఏమీ పెట్టనేలేదు. లైను నిండా ఫైలే. ఆ మాట ముక్కలుముక్కలుగా రావాలి కదా...

అంకెలు ఆగిపోయాయి.

"అన్నా... ఏం చూస్తాండావ్?"

మౌసు వదిలేసి రిసీవర్ గట్టిగా చెవికి ఆనించుకున్నాను.

"బాషాని చూసి ఏడుస్తాండావు గదా."

గొంతు బాషాదే. కానీ ఆ పేరు... ఎవరో పరాయివాడి పేరు పలికినట్టు పలికింది.

"ఆ పోస్టు వానికి రాకుండా చేస్తా. ఊఁ అను, సాలు."

జేబులో సెల్ మోగింది. తీసి చూస్తే... బాషా.

"అన్నా, శిరివెళ్లకాడ బండి నిలబడిపాయ. ఇంగా ఆళ్లగడ్డ చేరలే. బేగా వస్తా, ఉండు."

వాడి వెనక లారీ హారన్లు. ఒక చెవిలో ఆ హారన్లు... రెండో చెవిలో ఊపిరి. నా జవాబు కోసం ఆగినట్టు... మెల్లగా.

రిసీవర్ పెట్టేసి బయటికి పరుగెత్తాను. వాచ్‌మన్ పక్కన కూర్చుండిపోయాను. బాషా చేరి మళ్లీ సెల్‌కు చేసేదాకా లోపలికి అడుగు పెట్టలేదు.

వాడు అంతా సరిగ్గానే పెట్టాడు. నేనే చూశాను, వంక పెట్టడానికి లేదు. కానీ ఆ మర్నాటి నుంచి సారు గోడౌనుకు ఫోన్ చేస్తే మిగతా అందరి మాటా బాగానే వచ్చేది. బాషా మాట ఒక్కటే తెగిపోయేది. ఎందుకో ఎవరికీ అంతు పట్టలేదు. పోస్టు నాకు వచ్చింది.

మొన్న టీ తాగుతూ బాషా అడిగాడు.

"అన్నా, ఆ రాత్రి గోడౌను తాళం నేనే తీసినా. లోపల ఎవరూ లేరు. రిసీవర్ తీసి పక్కన పెట్టుండాది. చెవికాడ పెట్టుకుంటే నీ గొంతు. ఊఁ... ఊఁ... అంటాండావు. ఎవరితో, అన్నా?"

"నీకేందో భ్రమప్పా" అన్నాను.

అప్పుడు నేను వాచ్‌మన్ పక్కన ఉన్నాను. నోరు తెరవలేదు. మనసులో అన్నానో లేదో... ఈ రోజుకీ నాకు తెలియదు.