ఫోన్లో చెప్పని కబురు

నెట్టన్న పోయినాడని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పినాడు. పొద్దున అంగడి షట్టరు ఎత్తబోయి అట్నే కూలబడినాడంట. గుండెపోటు. ఆస్పత్రికి తీసకపోయేలోపే అయిపోయింది. అనంతపురంలో హాస్టలు మెట్ల మీద కూర్చొని ఆ మాట విన్నాను. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇట్లాంటి కబురు ఫోన్లో చెప్తారా ఎవరన్నా? నెట్టన్న ఉండుంటే తమ్ముణ్ణి నాలుగు తిట్టి, బస్సెక్కించి నా దగ్గరికి పంపించి ఉండేవాడు.

ఆయన అసలు పేరు చానామందికి తెలీదు. గుత్తి బస్టాండు ఎదురు సందులో ఆయనకొక నెట్ సెంటరు ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్స్ మిషను, ఫోటోలు కత్తిరించే పెద్ద కత్తెర. డిగ్రీ అయిపోయి పీజీకి దరఖాస్తు పెట్టాలంటే చుట్టుపక్కల పల్లెల పిల్లోళ్ళమంతా ఆడికే పోయేవాళ్ళం. ఆయన డిగ్రీ రెండో ఏడు దాటలేదు. కానీ ఏ యూనివర్సిటీలో ఏ సబ్జెక్టుకు ఎన్ని సీట్లో, పోయినేడు ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అట్లని దేవుడేం కాదు. కరెంటు పోతే కరెంటాఫీసు వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఫోటోలో చెవులు కనపడలేదని నన్ను మూడుసార్లు స్టూడియోకు తిప్పినాడు.

ఒక సంగతి చెప్పాల. దరఖాస్తులో ఫోన్ నంబరు రాయాల కదా, ఆడ మేమంతా నెట్టన్న నంబరే పెట్టేవాళ్ళం. మా ఇండ్లల్లో ఉండేది ఒకటే ఫోను. అది నాయన జేబులో చేనికి పోయుంటాది, లేదంటే రీఛార్జి అయిపోయుంటాది, అదీ కాదంటే ఏదో ఆఫరుందని సిమ్ము మార్చేసి ఉంటారు. ఒకేడు ఎవరో పిల్లకు సీటొచ్చిన మెసేజి పాత సిమ్ముకు పోయి, చేరే గడువు దాటిపోయిందంట. ఆ పొద్దు నుంచి "నా నంబరు పెట్టుకోండప్పా, నేను యాడ పోతా" అని మొదలుపెట్టినాడు. ఎంతమంది పిల్లల సీట్ల కబుర్లో ఆయన చొక్కా జేబులో మోగేవి. బయటివాళ్ళు వింటే ఇదేం తెలివి అంటారు, ఒక్క మనిషి ఫోను మీద ఇంతమంది భవిష్యత్తా అని. నిజమే, పెద్ద తప్పే. అది మేమందరం తెలిసే చేసినాం.

సీటు వస్తే మా ఇంటి ఫోను తగిలేదాకా ఆయనే చేస్తానే ఉండేవాడు. "సంచి సర్దుకో" అని రెండే మాటలు చెప్పి పెట్టేసేవాడు. రాకపోతే మాత్రం ఫోన్ చేసేవాడు కాదు. అంగడి మూసి, మోపెడ్ వేసుకొని ఇంటికే వచ్చేవాడు. ఈ పద్ధతి పల్లెల్లో అందరికీ తెలిసిపోయింది. సీట్లిచ్చే దినాల్లో ఆయన బండి వీధిలోకి మళ్ళిందంటే చదువుకునే పిల్లలున్న ఇండ్లలో గుండెలు జారేవి. ఒక అవ్వయితే "మా ఇంట్లోకి రావద్దు సామీ, ఇట్నే ముందుకు పో" అని దండం పెట్టిందంట. ఆ మాట ఆయనే చెప్పుకొని పడీపడీ నవ్వేవాడు.

నేను ఎమ్మెస్సీ బాటనీకి ఫారం నింపిన పొద్దు, అన్నీ అయిపోయినాక ఆయన మౌసు మీద నుంచి చెయ్యి తీసేసినాడు.

"రాకపోతే ఏం జేస్తావు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏమన్నా, ఫారం పంపకముందే ఇట్లా అంటావు? నీ నోట్లో మంచి మాటే రాదా?"

"వస్తే ఏం జేస్తావో నాకు తెల్సు. రాకపోతే ఏం జేస్తావో చెప్పు, నొక్కుతా."

"నాకు తెలీదు."

"తెలీకపోతే పోయి టీ తాగి రాపో. తొందరేముండాది."

అందరినీ అట్నే అడుగుతాడని తర్వాత తెలిసింది. బస్టాండులో టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. రాకపోతే అనే మాట అంతవరకూ నా మనసులోకి కూడా రానివ్వలేదు. మా ఇంట్లో డిగ్రీ దాటినవాళ్ళు లేరు. ఈ సీటు రాకపోతే నేను దేనికీ పనికిరానని లోపల్లోపల గట్టిగా నమ్మేసి ఉన్నాను. ఆ భయాన్ని మొదటిసారి ఎదురుగా పెట్టుకొని చూసుకునింది ఆ టీకొట్టు బల్ల మీదనే. తిరిగి పోయి "మళ్ళీ రాస్తా" అన్నాను.

"రాసేదాకా?"

"అమ్మతో చేనికి పోతా. సాయంత్రం చదువుకుంటా."

అప్పుడు నొక్కినాడు.

పరీక్ష అయింది, ర్యాంకు వచ్చింది, యాడ చదవాలనుకుంటున్నామో వరసగా ఆప్షన్లు పెట్టినాం. ఇంక సీట్లెప్పుడు ప్రకటిస్తారా అని కాచుకోవడమే. తిండి సయించేది కాదు. దినామూ గుత్తికి పోయి ఆయన కంప్యూటరు ముందు కూర్చొని ఆ పేజీనే తెరిచి మూసి, మూసి తెరిచి చేసేదాన్ని. నాలుగు దినాలు చూసి తెరను తన పక్కకు తిప్పేసుకున్నాడు.

"ఊరికే నొక్కితే అది పడకేస్తాది గానీ నీ సీటు ముందే రాదు పాపా. ఇంద, ఈ పిల్లోడి ఫారం చూడు. వాళ్ళ నాయన పేరు మెమోలో ఒక తీరు, ఆధార్లో ఒక తీరు ఉండాది. ఎట్ల సరిచేయాల్నో చెప్పు."

అట్ల రెండు వారాలు నన్ను ఊరోళ్ళ కాగితాల మీద కూర్చోబెట్టినాడు. మొదట్లో తిట్టుకున్నాను, జీతం లేని పని చేయించుకుంటాండాడే అని. కానీ వేరేవాళ్ళ ఫారంలో తప్పు వెతుకుతున్నంతసేపూ నా గుండె మామూలుగా కొట్టుకునేది. ఇప్పటికీ ఏదన్నా ఫలితం కోసం ఎదురుచూడాల్సి వస్తే ఎవరిదో ఒకరి పని మీదేసుకుంటాను. ఆయన దగ్గర నేర్చుకునిందే.

సీట్లిచ్చే పొద్దు వచ్చింది. మా పక్కింటి పిల్లకు పదిగంటలకే ఫోనొచ్చింది. మా ఫోను మోగలేదు. నాలుగ్గంటలప్పుడు మోపెడ్ శబ్దం వినపడింది. నేను, అమ్మ అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తాన్నాం. ఆయన బండి దిగి, అమ్మను మజ్జిగ అడిగి తాగి, "మీ పక్క వాన పడిందాప్పా?" అని నాయనతో మాట పెట్టుకున్నాడు. నాకు ఆగలేదు.

"పొద్దున్నే మెసేజి వచ్చింటాది కదన్నా! ఒక ఫోన్ కొట్టి చెప్తే ఏంబోయె? పొద్దున్నుంచి ప్రాణం పోయి ప్రాణం వస్తాంది నాకు!"

ఆయన గ్లాసు కింద పెట్టినాడు.

"ఫోన్లో చెప్తే, పెట్టేసినాక నువ్వొక్కదానివే ఉంటావు గదమ్మా" అన్నాడు.

బోరున ఏడ్చినాను. ఊరుకో అనలేదు. ఇంకోసారి వస్తాదిలే అని కూడా అనలేదు. చేటలో నుంచి పిడికెడు కాయలు తీసుకొని ఒలుస్తా కూర్చున్నాడు. నా ఏడుపు తగ్గినాక, "మొగం కడుక్కో పో. రెండో విడతకు ఆప్షన్లు ఎల్లుండి దాకా ఉండాయి. రేపు రా" అని లేచినాడు.

రెండో విడతలోనూ రాలేదు. మళ్ళీ వచ్చినాడు. ఈసారి మా అమ్మ ముందే ఆయనకు కూడా అన్నం వండి పెట్టింది. చెప్పినట్టే ఏడాదంతా చేనికి పోయినాను, చదువుకున్నాను, మళ్ళీ రాసినాను. మరుసటేడు కలుపు తీస్తాంటే నాయన జేబులో ఫోను మోగింది, సంచి సర్దుకొని పోయినాను. ఇప్పుడు పరిశోధన చేస్తాండా. కానీ నన్ను నిలబెట్టింది ఆ సీటు వచ్చిన పొద్దు కాదు, రాని పొద్దులు రెండూ. ఈ మాట ఆయన ఉన్నప్పుడు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆయన పోయిన మూడోనాడు గుత్తికి పోయినాను. నెట్టన్న భార్య, మా అందరికీ వదిన, గోడకానుకొని కూర్చొనుంది. ఒళ్ళో ఆయన ఫోను. ఇది సీట్లిచ్చే కాలమే.

"మోగుతానే ఉండాది పాపా. నాకా ఇంగ్లీషు రాదు. పిల్లోళ్ళవే అయ్యుంటాయి. ఛార్జింగ్ మాత్రం అయిపోనీలేదు. గడువు దాటిపోతే ఆయప్ప ఊరుకుంటాడా?" అనింది.

మెసేజీలు చదివినాను. నలుగురికి సీట్లొచ్చినాయి. ఆయన నోటుబుక్కులో వాళ్ళ ఇంటి ఫోను నంబర్లు వెతికి, ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెప్పినాను. ఐదోది యాడికి అనే ఊరి పక్క పల్లెలో ఒక పిల్లది. మొదటి విడతలో సీటు కేటాయించలేదు. రెండో విడతకు ఆప్షన్లు పెట్టేదానికి ఇంకా మూడు దినాలే ఉన్నాయి. ఆ పిల్ల నంబరు కూడా నొక్కేసి, మోగకముందే కట్ చేసినాను. బస్టాండుకు పోయి యాడికి ఊరికి పోయే బస్సెక్కినాను.

దారి పొడుగునా ఏం చెప్పాల్నో అనుకుంటానే ఉన్నాను. ఇల్లు కనుక్కొని పోయేసరికి ఆ పిల్ల వాకిట్లో బట్టలు ఆరేస్తాంది. పెద్దోళ్ళెవరూ ఇంట్లో లేరు. ఎవరు కావాలక్కా అనింది.

"నెట్టన్న వాళ్ళింటి నుంచి వచ్చినా" అన్నాను.

అంతే, ఎందుకొచ్చినానో ఆ పిల్లకు అర్థమైపోయింది. చేతిలో చొక్కాను రెండుసార్లు దులిపి, జాగ్రత్తగా తీగ మీద వేసింది. నీడలోకి మంచం లాగి, "కూర్చోక్కా, నీళ్ళు తెస్తా" అని లోపలికి పోయింది.

చానాసేపు లోపల నుంచి బిందె శబ్దం గానీ గ్లాసు శబ్దం గానీ రాలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, కాళ్ళు మంచం మీదికి తీసుకొని కూర్చున్నాను.